డాబా గదిలో రేడియో, కింద వసారాలో బ్లూటూత్ స్పీకర్: సౌండ్ దించడం ఎలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తణుకు, రిటైరైన లెక్కల మాస్టారిని. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఎప్పుడో వచ్చింది గానీ రిటైరయ్యాకే తీరిగ్గా కూర్చుంటున్నా. ఐకామ్ 7300 రేడియో డాబా మీద గదిలో ఉంది, యూఎస్‌బీ కేబుల్‌తో విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి కలిపి ఎఫ్‌టీ8 (కంప్యూటర్ ఈలలతో పంపే డిజిటల్ సందేశాలు) కూడా చేస్తుంటా. మోకాళ్ళ నొప్పులతో పొద్దున్నే నెట్ (హామ్‌లందరూ రేడియోలో కలిసి మాట్లాడుకునే సభ) వినడానికి మెట్లెక్కలేకపోతున్నా. మా అమ్మాయి కొనిచ్చిన బ్లూటూత్ స్పీకర్ ల్యాప్‌టాప్‌కి కలిపితే పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, రేడియో మాత్రం రావట్లేదు. ఒకరోజు ఏదో నొక్కితే వచ్చింది, అప్పుడు నేను మైకు తీసుకుని మాట్లాడితే అవతలివాళ్ళు మీ వెనక ఎవరో మాట్లాడుతున్నారు అన్నారు. ట్రాన్స్‌మిట్ చేస్తుంటే స్పీకర్‌లో బర్ర్‌మని చప్పుడు కూడా. 2 మీటర్ల బ్యాండ్ మొబైల్ రేడియో సెట్‌ని చిన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డ్ ద్వారా అదే ల్యాప్‌టాప్‌కి పెట్టా, దాని సౌండ్ పగిలిపోయినట్టు వస్తోంది, పైగా ప్రతివాళ్ళ మొదటి మాట మింగేస్తోంది. ఇక 40 మీటర్ల బ్యాండ్ గరగర మా ఆవిడకి అస్సలు పడట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ నమస్కారం. మీ ఉత్తరం చదివితే అరడజను సమస్యలున్నట్టు ఉంది గానీ సగం గొడవకి కారణం ఆలస్యమే. రేడియోలోంచి వచ్చిన మాట కంప్యూటర్‌లోకి వెళ్ళి, అక్కడ బఫర్‌లో కాసేపు ఆగి, బ్లూటూత్ కోసం కంప్రెస్ అయ్యి, స్పీకర్ దాన్ని మళ్ళీ విప్పి వినిపించేసరికి పావు సెకను దాకా పోతుంది. వినేవాళ్ళకి ఆ పావు సెకను తెలియనే తెలియదు, మాట్లాడేవాళ్ళకే తలనొప్పి. అందుకే అసలు సలహా ముందే చెప్పేస్తా, వైర్‌లెస్ స్పీకర్ వినడానికి మాత్రమే, మైకు చేతిలోకి తీసుకున్నారంటే ఆ స్పీకర్ ఆపేసి రేడియో సొంత స్పీకర్ గానీ వైరున్న హెడ్‌ఫోన్ గానీ వాడండి. ఇది ఒక్కటి పాటిస్తే వెనక ఎవరో మాట్లాడుతున్నారన్న కంప్లైంట్ దానంతటదే పోతుంది, ఎందుకు పోతుందో కింద చెప్తా.

ముందు పాటలొచ్చి రేడియో రాకపోవడం సంగతి. మీ 7300లో ఒక సౌండ్‌కార్డ్ లోపలే ఉంది, యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లో అది యూఎస్‌బీ ఆడియో కోడెక్ అనే పేరుతో కనబడుతుంది. కంప్యూటర్ దృష్టిలో మీ రేడియో ఒక మైకు అన్నమాట. మైకులో పడింది తెచ్చి స్పీకర్‌లో వినిపించడం విండోస్ తనంతట తాను చెయ్యదు, చేస్తే మామూలు ల్యాప్‌టాప్‌లన్నీ కీచుమని అరుస్తాయి కదా, అందుకని. మనం దాన్ని అడగాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, బాగా కిందికి వెళ్తే మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది, నొక్కితే పాతకాలం చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో రికార్డింగ్ ట్యాబ్‌కి వెళ్ళి యూఎస్‌బీ ఆడియో కోడెక్ మీద డబుల్ క్లిక్ చేస్తే లిజన్ అనే ట్యాబ్ వస్తుంది, అక్కడ లిజన్ టు దిస్ డివైస్ ముందు టిక్ పెట్టి, దాని కింద ఉన్న లిస్టులో మీ బ్లూటూత్ స్పీకర్ పేరు ఎంచుకుని అప్లై కొట్టండి. ఆ లిస్టుని డిఫాల్ట్ అనే చోటే వదిలేస్తే రేపు మీరు టీవీకో ఇంకోదానికో కనెక్ట్ చేసినప్పుడు రేడియో సౌండ్ అటు పారిపోతుంది, కాబట్టి పేరు పెట్టి ఎంచుకోవడమే మంచిది. మీకు ఒకరోజు ఏదో నొక్కితే వచ్చింది అన్నారే, నాకు తెలిసి ఈ టిక్కే పడి ఉంటుంది.

స్పీకర్ పేరు ఒకటి కాకుండా రెండు కనిపిస్తే కంగారు పడకండి. ఒకటి స్టీరియో అని ఉంటుంది, రెండోది హ్యాండ్స్‌ఫ్రీ అని. స్టీరియోదే తీసుకోండి. హ్యాండ్స్‌ఫ్రీ అంటే ఫోన్ కాల్ కోసం, స్పీకర్‌లో ఉన్న బుల్లి మైకు కూడా పనిచెయ్యాలి గనక సౌండ్ నాణ్యత ఒక్కసారిగా పడిపోతుంది, పాత టెలిఫోన్ మాదిరి 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కి దిగిపోవచ్చు. నిజానికి సైడ్‌బ్యాండ్ (40 మీటర్లలో మాట పంపే పద్ధతి) మాటకి అదీ సరిపోతుంది, మన వాయిస్ ఎలాగూ 300 నుంచి 2700 హెర్ట్జ్ మధ్యలోనే కదా ఉండేది, కానీ మధ్యలో మోడ్ మారినప్పుడల్లా స్పీకర్ టుంగుమని ఆగి మొదలవుతుంటుంది, ఆ విసుగెందుకు. రికార్డింగ్ ట్యాబ్‌లోనే ఆ స్పీకర్ మైకు కూడా కనిపిస్తుంది, కుడి క్లిక్ చేసి డిజేబుల్ చేసెయ్యండి.

అదే కిటికీలో కమ్యూనికేషన్స్ అని చివర్న ఇంకో ట్యాబ్ ఉంది, ఎవరైనా వాట్సాప్ కాల్ చేస్తే మిగతా సౌండ్‌లన్నీ 80 శాతం తగ్గించేసే ఏర్పాటు అక్కడుంటుంది, డు నథింగ్ అని పెట్టుకోండి, లేకపోతే రేడియో ఉన్నట్టుండి ఎందుకు గుసగుసలాడుతోందో అర్థం కాక జుట్టు పీక్కుంటారు. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఎక్కడ కనబడినా ఆఫ్. అవి మనిషి గొంతుని ఉంచి మిగతాదంతా రొద అనుకుని కొట్టేస్తాయి, మోర్స్ కూతలు, ఎఫ్‌టీ8 ఈలలు వాటి దృష్టిలో రొదే.

ఇప్పుడు వాల్యూమ్ సంగతి, ఇక్కడ చాలామంది తికమక పడతారు. 7300లో ముందున్న ఏఎఫ్ (వాల్యూమ్) నాబ్‌కీ యూఎస్‌బీలో వచ్చే సౌండ్‌కీ సంబంధం లేదు, నాబ్ సున్నాకి తిప్పేసినా ల్యాప్‌టాప్‌కి సౌండ్ వెళ్తూనే ఉంటుంది. మీకు ఇది వరమే, పై గదిలో రేడియో నోరు మూయించి కింద హాయిగా వినొచ్చు. యూఎస్‌బీ లెవెల్ మార్చాలంటే రేడియో సెట్ మెనూలో కనెక్టర్స్‌లోకి వెళ్ళాలి, అక్కడ ఏసీసీ యూఎస్‌బీ ఏఎఫ్ అవుట్‌పుట్ లెవెల్ అని ఉంటుంది, మామూలుగా 50 శాతం. మీరు ఎఫ్‌టీ8 కూడా చేస్తున్నారు కాబట్టి దాన్ని గెలకొద్దు. ఎఫ్‌టీ8 ప్రోగ్రామ్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ లో ఎడమ పక్క మీటర్ ఖాళీ బ్యాండ్ మీద 30 డీబీ దగ్గర ఉండేలా విండోస్ రికార్డింగ్ లెవెల్ ఒకసారి పెట్టుకుని ఇక ముట్టుకోకండి, పెంచడం తగ్గించడం అంతా స్పీకర్ మీద ఉన్న బటన్లతోనే. ఎఫ్‌టీ8 చేసే టైములో లిజన్ టిక్ తీసెయ్యండి, ఆ ఈలలు ఇంటిల్లిపాదీ వినక్కర్లేదు. టిక్ ఉన్నా డీకోడింగ్‌కి నష్టమేమీ లేదు, ఒకే సౌండ్‌ని రెండూ పంచుకోగలవు, ఎఫ్‌టీ8 కి బ్లూటూత్ ఆలస్యం కూడా తగలదు, ఎందుకంటే డీకోడ్ అయ్యేది ల్యాప్‌టాప్‌లోనే గానీ స్పీకర్‌లో కాదు.

ఇక్కడే ఒక పెద్ద జాగ్రత్త. అదే యూఎస్‌బీ కోడెక్ ప్లేబ్యాక్ ట్యాబ్‌లో స్పీకర్‌గా కూడా కనబడుతుంది, అంటే ల్యాప్‌టాప్ నుంచి రేడియోలోకి, అక్కణ్ణించి యాంటెన్నాలోకి వెళ్ళే దారి అది. కేబుల్ కొత్తగా పెట్టినప్పుడు విండోస్ దాన్నే డిఫాల్ట్ చేసేసిందనుకోండి, మీరు ఎఫ్‌టీ8 ట్రాన్స్‌మిట్ చేస్తుండగా మెయిలొచ్చిన టింగు, యూట్యూబ్‌లో ఆవిడ పెట్టుకున్న అన్నమయ్య కీర్తన అన్నీ గాల్లోకి వెళ్ళిపోతాయి. ఎఫ్‌టీ8 నడిచే 14.074 మెగాహెర్ట్జ్ మీద కాసేపు కూర్చుంటే ఎవరిదో ఒకరి విండోస్ గంట వినబడటం మామూలే. మన లైసెన్సు రూల్స్ ప్రకారం హామ్ బ్యాండ్లలో సంగీతం ప్రసారం చెయ్యకూడదు, కాబట్టి నవ్వుకుని వదిలేసే విషయం కాదు. డిఫాల్ట్ ప్లేబ్యాక్ బ్లూటూత్ స్పీకరో ల్యాప్‌టాప్ స్పీకరో ఉండాలి, కోడెక్ ఎప్పుడూ కాదు, దాన్ని ఒక్క డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సెట్టింగ్స్‌లో మాత్రమే ఎంచుకోవాలి. రేడియో మెనూలో కూడా డేటా ఆఫ్ మాడ్ (మామూలుగా మాట్లాడేటప్పుడు సౌండ్ ఎక్కణ్ణించి తీసుకోవాలన్నది) అనేది మైక్ మీదే ఉందో లేదో చూసుకోండి, యూఎస్‌బీ ఉండాల్సింది డేటా మాడ్‌కి మాత్రమే. విండోస్ సౌండ్ స్కీమ్‌లో నో సౌండ్స్ పెట్టేస్తే ఆ టింగుల బెడద మొత్తానికే ఉండదు.

సరే, ఇప్పుడు ఆలస్యం. బ్లూటూత్‌లో పాటల కోసం వాడే ఏ2డీపీ పద్ధతి, అందులో సౌండ్‌ని కంప్రెస్ చెయ్యడానికి అన్ని స్పీకర్లకీ తెలిసిన ఎస్‌బీసీ కోడెక్, ఈ రెండూ కలిస్తే 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం వస్తుంది, దానికి విండోస్ లిజన్ తన వంతు కొంచెం కలుపుతుంది. ఆప్ట్‌ఎక్స్ లో-లేటెన్సీ, అంటే తక్కువ ఆలస్యం, అని ఒకటుంది, 40 మిల్లీసెకన్ల దగ్గర ఆగుతుంది, కానీ పంపేవైపూ అందుకునేవైపూ రెండు చోట్లా ఉండాలి, మామూలు ల్యాప్‌టాప్‌లో దొరకదు, దానికోసం ఖర్చు పెట్టమని నేను చెప్పను. యాపిల్ వాళ్ళ ఎయిర్‌ప్లే అయితే మొదటి నుంచీ దాదాపు 2 సెకన్లు బఫర్ పెట్టుకుని నడిచేది, పాటకి అది గొప్ప సుగుణం, వైఫై తడబడినా పాట ఆగదు, క్యూఎస్ఓకి (రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి) మాత్రం పనికిరాదు. మీ దగ్గర ఎంత ఆలస్యముందో చూడాలంటే పెద్ద పరికరాలేం అక్కర్లేదు, పై గదిలోనే రేడియో స్పీకర్ కొంచెం పెంచి, బ్లూటూత్ స్పీకర్ పక్కనే పెట్టి రెండూ కలిపి వినండి, కళ్యాణ మండపంలో రెండు మైకు సెట్లు పెట్టినప్పుడు పురోహితుడి మంత్రం ఒకటి ముందు ఒకటి వెనక వినబడుతుందే అచ్చం అలా ఉంటుంది.

ఇప్పుడు మీ వెనక మాట్లాడిన ఆ ఎవరో సంగతి చూద్దాం. నెట్ నడిపే నెట్ కంట్రోల్ ఓవర్ అన్నారు, మీ రేడియో స్పీకర్‌లో అది విని మీరు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కారు, రేడియో రిసీవ్ ఆపేసి ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్ళింది, కానీ బ్లూటూత్ దారిలో ఇంకా పావు సెకను మాట మిగిలే ఉంది, అది మీ మైకు ముందే స్పీకర్‌లోంచి బయటికొచ్చింది, మైకు దాన్ని పట్టుకుని మళ్ళీ ఆయనకే పంపింది. ఆయన మాట చివరి ముక్క ఆయనకే వినబడింది, అంతే. వాక్స్ (మాట వినబడగానే రేడియో తనే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్ళే ఏర్పాటు) వాడేవాళ్ళకి ఇంకా కష్టం. వాక్స్‌ని స్పీకర్ చప్పుడు తట్టి లేపకుండా యాంటీ వాక్స్ అనే సర్దుబాటు ఉంటుంది కదా, అది రేడియో ఇప్పుడు స్పీకర్‌కి ఏం పంపుతోందో చూసి దాన్ని బట్టి మైకుని కాస్త చెవిటిది చేస్తుంది, కానీ బ్లూటూత్ సౌండ్ ఆలస్యంగా వస్తుంది గనక రేడియో నిశ్శబ్దంగా ఉన్న క్షణంలో గదిలో మాట వినబడుతుంది, యాంటీ వాక్స్‌కి అది మీ మాటే అనిపిస్తుంది, రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్ళిపోతుంది. వాక్స్ ఆన్‌లో ఉంటే వైర్‌లెస్ స్పీకర్ ఆ గదిలోనే ఉండకూడదు.

మోర్స్ కొట్టే అలవాటుంటే మీరే లెక్కేసుకోండి. నిమిషానికి 20 పదాల వేగంలో ఒక డాట్ 60 మిల్లీసెకన్లు, 1200ని వేగంతో భాగిస్తే వచ్చేది. 240 మిల్లీసెకన్ల ఆలస్యమంటే నాలుగు డాట్లంత వెనక మీ సైడ్‌టోన్ (మీరు కొట్టే కీ కూత) మీకు వినబడుతుంది, ఏ వేళ్ళూ దానికి తట్టుకోలేవు. వినడానికి సరే, కీ ముట్టుకోవాలంటే వైరు హెడ్‌ఫోనే.

మీకు కావాల్సింది కింద వసారాలో వినడం. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో, మామూలు స్పీకర్లకి ఖాళీ చోట 10 మీటర్లు చెప్తారు, మధ్యలో ఇనుప చువ్వలున్న కాంక్రీట్ శ్లాబ్ వస్తే అందులో ఎంత మిగులుతుందో ఇంటిని బట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని గదిలో మెట్ల వైపు గుమ్మం దగ్గరికి జరిపి ముందు ఉత్తినే చూడండి, మెట్ల దారి తెరిచి ఉంటే చాలా ఇళ్ళల్లో సిగ్నల్ ఆ దారినే దిగుతుంది. అలాగని రేడియో నుంచి యూఎస్‌బీ కేబుల్ పొడుగ్గా లాగొద్దు, యూఎస్‌బీ 2కి 5 మీటర్లే హద్దు, పొడుగయ్యేకొద్దీ ఆర్ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) పట్టుకునే గుణం కూడా పెరుగుతుంది.

అలా కుదరకపోతే వైఫై ఉంది. ఇంట్లో మూలన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉండే ఉంటుంది. సోనోబస్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ వేసి, రెంటినీ ఒకే గ్రూప్ పేరుతో కలిపి, ల్యాప్‌టాప్‌లో ఇన్‌పుట్‌గా యూఎస్‌బీ ఆడియో కోడెక్ ఎంచుకుంటే పై గది సౌండ్ కింద ఫోన్‌లోకి వస్తుంది. ఫోన్ వైపు మైకు మ్యూట్ చెయ్యడం మర్చిపోకండి. ఆ ఫోన్ నుంచి స్పీకర్‌కి చిన్న ఆక్స్ వైరు గుచ్చితే బ్లూటూత్ ఆలస్యం కూడా ఉండదు, ఫోన్ స్పీకర్ పక్కనే పెట్టి ఛార్జింగ్‌లో ఉంచేస్తే సరి. నాకడిగితే మీ ఇంటికి ఇదే బాగుంటుంది, రేంజ్ గొడవ వైఫై రూటర్ చూసుకుంటుంది. కింద నుంచే మాట్లాడాలని కూడా ఉంటే డబ్ల్యూఎఫ్‌వ్యూ అని ఐకామ్ రేడియోల కోసం రాసిన ఉచిత ప్రోగ్రామ్ ఉంది, పై ల్యాప్‌టాప్‌లో సర్వర్‌గా, కింద ఇంకో ల్యాప్‌టాప్‌లో క్లయింట్‌గా పెడితే వాటర్‌ఫాల్ (బ్యాండ్‌లో సిగ్నళ్ళు చూపించే బొమ్మ), ట్యూనింగ్, పీటీటీ అన్నీ కిందే, కానీ అప్పుడు కూడా చెవికి వైరు హెడ్‌సెట్టే పెట్టుకోవాలి సుమా.

లినక్స్ వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి లిజన్ టిక్ బదులు లూప్‌బ్యాక్ మాడ్యూల్ ఉంటుంది, లోడ్ చేసి పావుకంట్రోల్‌లో ఎక్కణ్ణించి ఎక్కడికో చూపిస్తే చాలు. మ్యాక్‌లో అయితే క్విక్‌టైమ్‌లో న్యూ ఆడియో రికార్డింగ్ తెరిచి, ఇన్‌పుట్ రేడియో కోడెక్ పెట్టి, రికార్డ్ నొక్కకుండా మానిటర్ వాల్యూమ్ పెంచితే పని జరిగిపోతుంది. రేడియో బదులు ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్) వాడేవాళ్ళకి ఈ తిప్పలేవీ లేవు, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే అవుట్‌పుట్ డివైస్ ఎంచుకోవచ్చు.

లిజన్ గురించి ఇంకో మాట. రేడియో కోడెక్‌కి ఒక గడియారం, స్పీకర్‌కి ఇంకో గడియారం, రెండూ వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి, కాబట్టి గంటల తరబడి వదిలేస్తే ఆలస్యం పెరుగుతూ పోవచ్చు లేదా చిటపటలు మొదలవ్వచ్చు. టిక్ తీసి మళ్ళీ పెట్టండి, సర్దుకుంటుంది. రెండు వైపులా అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 48000 హెర్ట్జ్ ఎంచుకునే వీలుంటే ఒకేలా పెట్టండి, కొన్ని స్పీకర్లు 44100 కి మించి ఒప్పుకోవు, పర్వాలేదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్ మార్చుకోండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపెయ్యండి.

ఇక 2 మీటర్ల సెట్. సౌండ్ పగలడం సౌండ్‌కార్డ్ తప్పు కాదు, మీరు దాని గొంతులోకి బిందెడు నీళ్ళు పోస్తున్నారు. ఆ చిన్న డాంగిల్‌కి ఉన్నది మైకు ఇన్‌పుట్, దానికి కావాల్సింది కొన్ని మిల్లీవోల్టులు. మీ సెట్ వెనక ఎక్స్‌టర్నల్ స్పీకర్ జాక్‌లో 8 ఓములకి 2 వాట్లొస్తే 4 వోల్టులు, మామూలు వాల్యూమ్‌లో కూడా అర వోల్టు ఉంటుంది. 10 కిలో ఓముల రెసిస్టర్ సిరీస్‌లో, దాని తర్వాత 100 ఓములు గ్రౌండ్‌కి పెడితే 101వ వంతుకి తగ్గుతుంది, అర వోల్టు కాస్తా 5 మిల్లీవోల్టులు అవుతుంది, సరిగ్గా మైకు స్థాయి. మైకు జాక్‌లో ఎలక్ట్రెట్ మైకు కోసం కొద్దిగా డీసీ ఉంటుంది గనక అటువైపు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో వెయ్యండి. హమ్ వస్తుంటే మధ్యలో 600 ఓములకి 600 ఓముల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, రేడియో సప్లై గ్రౌండ్, ల్యాప్‌టాప్ ఛార్జర్ గ్రౌండ్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే హమ్ అది. కొన్ని సెట్లలో స్పీకర్ రెండు వైర్లలో ఏదీ గ్రౌండ్ కాదు, అలాంటి వాటికి ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కలపనే కూడదు. కొత్తది కొననక్కర్లేదు, డయలప్ ఇంటర్నెట్ రోజుల మోడెమ్ కార్డ్ పాత సామాన్లో ఉంటే దాని మీద చిన్న నల్ల డబ్బాలా ఉండేది ఆ ట్రాన్స్‌ఫార్మరే, విప్పి వాడుకోవచ్చు. హైదరాబాద్ వెళ్ళే పనుంటే కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది.

ఆ స్పీకర్ జాక్ మోనో. అందులో స్టీరియో పిన్ను పెడితే కుడి చానెల్ గ్రౌండ్ అయిపోయి ఎడమ పక్కే వినబడుతుంది, కాబట్టి రేడియో వైపు మోనో పిన్నే వెయ్యండి, అప్పటికీ ఒక పక్కే వస్తుంటే విండోస్ యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చెయ్యండి. జాక్ గుచ్చగానే సెట్ లోపలి స్పీకర్ ఆగిపోతుంది, అది మీకు ఇబ్బందైతే సెట్ వెనక ఆరు పిన్నుల డేటా సాకెట్ ఉందేమో చూడండి, ఉంటే సాధారణంగా ఐదో పిన్ను ఆడియో, రెండోది గ్రౌండ్, వాల్యూమ్ నాబ్‌తో సంబంధం లేని స్థిరమైన లెవెల్. తీగలు కలిపేముందు మీ మాన్యువల్లో బొమ్మ ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

మొదటి మాట మింగడానికి కారణం స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు సౌండ్ మూసేసే ఏర్పాటు. ఎఫ్ఎంలో ఎవరూ మాట్లాడనప్పుడు పూర్తి నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో బ్లూటూత్ స్పీకర్ కరెంటు ఆదా కోసం కునుకు తీస్తుంది, సౌండ్ రాగానే లేచేలోపు అర సెకను మాయం. అవతలివాళ్ళు కాల్‌సైన్‌తో మొదలుపెడతారు గనక పోయేది కూడా అదే, మన కాల్‌సైన్ల మొదట ఉండే వీయూ టూ పోయి తోక మిగులుతుంది. 40 మీటర్ల సైడ్‌బ్యాండ్‌లో ఈ జబ్బు రాదు, అక్కడ గరగర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి స్పీకర్‌కి నిద్ర పట్టదు. దీనికి సౌండ్ కీపర్ అని చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, చెవికి వినబడని సౌండ్ ఒకటి ఎప్పుడూ పంపుతూ స్పీకర్‌ని మేలుకొలిపి ఉంచుతుంది. లిజన్ టిక్ రెండు సెట్లకీ విడివిడిగా పెట్టొచ్చు, రెండూ ఒకే స్పీకర్‌లో కలిసి వస్తాయి.

బర్ర్ సంగతికి ముందు ఒక పరీక్ష. పవర్ 100 వాట్ల నుంచి 10 కి దించి మాట్లాడండి. చప్పుడు తగ్గిపోతే అది ఆర్ఎఫ్, మీ సిగ్నలే వైర్ల వెంబడి తిరిగొస్తోంది. స్పీకర్ ఛార్జింగ్ కేబుల్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి, 40 మీటర్లలో క్వార్టర్ వేవ్ అంటే 10 మీటర్లు, ఇంట్లో కరెంటు వైరింగ్ అంత పొడుగు సులువుగా ఉంటుంది. తర్వాత యూఎస్‌బీ కేబుల్, మీటరున్నర పొడుగు చాలు, దాన్ని 31 మిక్స్ ఫెరైట్ రింగులో ఏడెనిమిది చుట్లు తిప్పండి. పైన క్లిప్పులా బిగించే చిన్న ఫెరైట్‌లోంచి ఒక్కసారి దూర్చినది 7 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా పనిచెయ్యదు, చుట్లే ముఖ్యం. ఇవన్నీ చేశాక కూడా ఉంటే డైపోల్ యాంటెన్నా మధ్యలో 1:1 చోక్ బాలన్ ఉందో లేదో చూడండి, లేకపోతే కోయాక్స్ పైపొర కూడా యాంటెన్నాలా పనిచేసి ఆర్ఎఫ్‌ని నేరుగా గదిలోకి తెస్తుంది, అసలు మందు అక్కడ వెయ్యాలి. దీనికి ఎదురు గొడవ ఒకటి, ల్యాప్‌టాప్ ఛార్జరూ, స్పీకర్ ఛార్జరూ 40 మీటర్లలో రొద పోస్తాయి, ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) చూస్తూ ఒక్కొక్కటీ పీకండి, ముల్లు ఎక్కడ పడిపోతే దొంగ అదే.

ఆవిడకి పడని గరగరకి నిజంగానే మందుంది. 7300లో ఫిల్టర్ వెడల్పు 2.4 కిలోహెర్ట్జ్‌కి దించండి, ఎన్ఆర్ (నాయిస్ రిడక్షన్) కొద్దిగా, మూడో నాలుగో చాలు, ఎక్కువ పెడితే మాట బావిలోంచి వచ్చినట్టు అవుతుంది, ఎఫ్‌టీ8కి వెళ్ళేటప్పుడు మాత్రం తీసెయ్యాలి. వీటికంటే గొప్పది ఆర్ఎఫ్ గెయిన్. చాలామంది దాన్ని ఫుల్‌లో పెట్టి మర్చిపోతారు. నెట్‌లో స్టేషన్లు ఎస్9 దాకా వస్తున్నాయనుకోండి, ఆర్ఎఫ్ గెయిన్ తగ్గిస్తూ పోతే ఎస్ మీటర్ ముల్లు పైకి లేస్తుంది, ఎస్7 దగ్గర నిలబడేదాకా తగ్గించండి, మాట అలాగే ఉంటుంది, ఒకరాపి ఇంకొకరు మొదలుపెట్టేలోపు వచ్చే ఆ హోరు పడిపోతుంది. స్పీకర్‌లో బాస్ బూస్ట్ బటన్ ఉంటే ఆపెయ్యండి, 300 హెర్ట్జ్ కింద మన సిగ్నల్‌లో మాట ఏమీ లేదు, ఉన్నదంతా హమ్మే.

రేడియో సొంత స్పీకర్ వైరు మాత్రం ఎప్పటికీ పీకకండి. ల్యాప్‌టాప్, వైఫై, రూటర్, ఫోన్, బ్లూటూత్ ఇన్ని మెట్లు దిగాక వచ్చే సౌండ్ తుఫాను రోజు మొదట ఆగిపోయేది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు మన హైదరాబాద్ ఎన్ఐఏఆర్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో) హామ్ బృందం డీఎక్స్‌పెడిషన్ (అరుదైన చోటి నుంచి రేడియోలో మాట్లాడే యాత్ర) కోసం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, ఫోన్లు పోయిన చోట మెసేజ్‌లు మోసింది వాళ్ళ రేడియోలే. గోదావరి జిల్లాల్లో ఉంటూ ఆ అవసరం రాదనుకోలేం కదా, 12 వోల్టుల బ్యాటరీ, రేడియో, దాని స్పీకర్ ఈ మూడూ ల్యాప్‌టాప్ ఊసే లేకుండా పనిచేసేలా ఉంచుకోండి.

ముందు లిజన్ టిక్, తర్వాత పాత ఫోన్, ఆ తర్వాతే రెసిస్టర్లు, ఈ వరసలో చెయ్యండి, అన్నీ ఒకేరోజు పెట్టుకుంటే ఏది దేన్ని పాడుచేసిందో తెలియదు. టిక్ పెట్టాక కూడా సౌండ్ రాకపోతే రికార్డింగ్ ట్యాబ్‌లో యూఎస్‌బీ ఆడియో కోడెక్ పక్కన ఆకుపచ్చ గీతలు కదులుతున్నాయో లేదో చూసి రాయండి. కదులుతుంటే తప్పు స్పీకర్ వైపు, కదలకపోతే కేబుల్ వైపో రేడియో మెనూ వైపో, సెట్ మెనూలో ఏసీసీ యూఎస్‌బీ అవుట్‌పుట్ సెలెక్ట్ అనేది ఏఎఫ్‌కి బదులు ఐఎఫ్ మీద ఉందేమో కూడా ఓసారి చూడండి. సెవెంటీ త్రీ (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).